సార్, మీరు బయటికి వెళ్ళాలి

నాకు మా సార్ అంటే భయం. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, ఎందుకంటే మా ఆఫీసులో ఆయనంటే భయం లేనివాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఆయన అరవరు. అరిస్తే బాగుండేది, తిట్లు తిని, టీ తాగి మర్చిపోయేవాళ్ళం. ఆయన నవ్వుతారు. "సరే పాపా, చూద్దాం" అంటారు. అలా "చూద్దాం" అనిపించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకి కనపడకుండా పోయేవాళ్ళు. వాళ్ళ కుర్చీలో ఇంకొకరు కూర్చునేవాళ్ళు, మేమెవరమూ పాతవాళ్ళ పేరెత్తేవాళ్ళం కాదు. కారిడార్‌లో ఆయన బూట్ల చప్పుడు వినపడితే చాలు, తల వంచి కాగితాల్లోకి చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తాను.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల భవనంలో మా ఆఫీసు. సార్ మా మేనేజింగ్ డైరెక్టర్, కంపెనీ పెట్టిందీ ఆయనే. రాయలసీమ మనిషి, కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా ఆ యాస బయటికొస్తుంది. నేను కాంప్లయన్స్‌లో పనిచేస్తాను. అంటే కంపెనీ చట్టప్రకారం నడుస్తోందో లేదో చూసే విభాగం. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. చేసేది మాత్రం బోర్డు మీటింగులో గోడవార కుర్చీలో కూర్చుని, ఎవరేమన్నారో రాసుకోవడం. కంపెనీ సెక్రటరీగారు మానేసి వెళ్ళాక ఆయన పనంతా నా నెత్తినే పడింది. రాసుకోవడానికైనా పెద్దగా ఏముంటుంది? నేను అంశం చదువుతాను. అందరూ సార్ మొహం చూస్తారు. సార్ తలూపుతారు. అందరూ తలూపుతారు. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాస్తాను. ఆ వాక్యం నిద్రలో లేపి అడిగినా రాసేయగలను.

అలాంటి రోజుల్లో విభాగాలు కలిపేస్తున్నారని కబురొచ్చింది. నాది అప్పటికింకా కాంట్రాక్టు ఉద్యోగమే. హెచ్‌ఆర్ ఆవిడ నన్ను పిలిచి, ఎంతో మర్యాదగా, నా గొంతు మీద కత్తి పెట్టింది. నేను వారాంతాల్లో బిజినెస్ లా, గవర్నెన్స్ డిగ్రీ చదువుతున్న సంగతి ఆవిడకి తెలుసు. ఆ డిగ్రీలో చివరన నాయకత్వ సర్టిఫికెట్ ఒకటుంది. అది తెచ్చుకుంటే నన్ను మేనేజర్‌గా ఖాయం చేస్తారట. తెచ్చుకోకపోతే కాంట్రాక్టు అయిపోగానే నా పోస్టే ఉండదట. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అమ్మ బీపీ మాత్రల దగ్గర్నుంచి గోపన్‌పల్లిలో ఫ్లాటు వాయిదాల దాకా అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆవిడ గదిలోంచి బయటికొచ్చి, కాంట్రాక్టు ఇంకా ఎన్ని వారాలుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

మాదాపూర్‌లో ఒక పెద్ద భవనంలో మా క్లాసులు జరిగేవి. పాఠం చెప్పే మేడం కోస్తా మనిషి. "ఏమండీ, చట్టం అర్థమైతే సరిపోదండీ, నోరు పెగలాలి" అనేవారు మాటిమాటికి. ఆ సర్టిఫికెట్‌కి ఆవిడ పెట్టే పరీక్ష కూడా అలాంటిదే. ఒక ఉత్తుత్తి బోర్డు మీటింగు పెడతారు. క్లాసులోవాళ్ళే డైరెక్టర్లు. ఒక్కొక్కరూ ఒక్కో మీటింగుకి అధ్యక్షత వహించాలి. బయటినుంచి ఒక పెద్దమనిషి వచ్చి డైరెక్టర్లలో ఒకరిగా నటిస్తారు. అసలు చిక్కు ఆయనతోనే. ఆయన బంధువులతో కంపెనీ ఏదో బేరం కుదుర్చుకుంటున్నట్టు అంశం ఉంటుంది. అలాంటప్పుడు ఆ చర్చ జరుగుతున్నంతసేపూ ఆ డైరెక్టరు గదిలో ఉండకూడదు, అది చట్టం. అధ్యక్షులు ఆయన్ని బయటికి పంపాలి. పంపలేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా ఫెయిలే.

ఓస్ ఇంతేనా అనుకున్నాను. అప్పుడు మేడం, పండగ కబురు చెప్తున్నట్టు నా వైపు చూసి, "మీ అదృష్టమండీ, మీ ఎండీగారే వస్తామన్నారు. మీ మీటింగుకే వేశాను ఆయన్ని" అన్నారు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మా సార్‌ని, నేను, "మీరు బయటికి వెళ్ళండి" అనాలి! వేరే ఎవరినైనా వేయమని బతిమాలాను. "అదేంటండీ, తెలిసినాయనైతే ధైర్యంగా ఉంటుంది కదా" అన్నారావిడ. ఏం చెప్పను? తెలియని పులి అయితే కొంత నయం, తెలిసిన పులి ఎంత తింటుందో కూడా తెలుస్తుంది.

ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. బయటికి వెళ్ళమనకపోతే సర్టిఫికెట్ పోతుంది, దాంతో ఉద్యోగం పోతుంది. వెళ్ళమంటే ఆయన నవ్వి "చూద్దాం పాపా" అంటారు, అప్పుడూ ఉద్యోగం పోతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వంటింట్లో కుక్కర్ ముందు నిలబడి "సార్, మే ఐ రిక్వెస్ట్ యూ" అని సాధన చేసేదాన్ని. అక్కడితో ఆపి మళ్ళీ మొదటికొచ్చేదాన్ని.

అమ్మ కూరగాయలు తరుగుతూ చూస్తుండేది. "ఏందే గా సణుగుడు? గా కుక్కర్ నీకు జవాబు చెప్తదా?" అంది ఒకరోజు.

సంగతంతా చెప్పాను. అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది.

"ఉత్తుత్తి మీటింగే గదనే?"

"అవునమ్మా."

"ఉత్తుత్తిగనే పొమ్మను. గాయనకు తెల్వదా గిది ఆట అని? గింత భయమైతే ఇగ సదివినదంతా ఏం ఫాయిదా?"

నిజమే. కానీ భయానికి నిజాలతో పనేముంది? దాని దారి దానిదే.

పరీక్ష జరిగే శనివారం రానే వచ్చింది. పొడవాటి బల్ల, దాని చివర అధ్యక్ష స్థానంలో కాస్త ఎత్తు వీపున్న కుర్చీ, అందులో నేను. ఎర్ర అంచు కాటన్ చీర కట్టుకున్నాను, చెమటకి వీపుకి అంటుకుపోతోంది. క్లాసువాళ్ళు చెరో పక్కా సర్దుకున్నారు. గోడవారన మేడం, ఇంకో ఇద్దరు మార్కులు వేయడానికి కూర్చున్నారు. సార్ ఇంకా రాలేదు. రాకపోతే ఎంత బాగుండునని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మీటింగు మొదలుపెట్టి, మొదటి అంశం బాగానే నడిపాను. నా గొంతు వింటే నాకే ముచ్చటేసింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. సార్ వచ్చారు.

చటుక్కున లేచి నిలబడ్డాను. అధ్యక్షురాలు లేచింది కదా అని బోర్డంతా లేచింది. అంతటితో ఆగినా బాగుండేది. "రండి సార్, కూర్చోండి" అని నా కుర్చీ వెనక్కి లాగి ఆయనకి చూపించాను! ఆలోచించి చేసింది కాదు. కాళ్ళూ చేతులూ వాటంతటవే చేసేశాయి. ఆయన కూడా ఏమాత్రం తటపటాయించకుండా అందులో కూర్చున్నారు. ఏ గదికెళ్ళినా అలాంటి కుర్చీలోనే కూర్చునే మనిషి కదా, ఆయనకీ వింతగా తోచలేదు. నేను వెళ్ళి గోడవార కుర్చీలో కూర్చుని, పెన్ను తీసి రాసుకోవడానికి సిద్ధమయ్యాను.

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో బాధపడుతున్నారో తెలియలేదు. ఏం చేశానో అప్పుడర్థమైంది. అధ్యక్షత వహించే పరీక్షలో అధ్యక్ష పీఠాన్ని చేతులారా దానం చేసి వచ్చి, గుమాస్తాలా గోడకి ఆనుకున్నాను. ఛీ, నా బతుకు! లేచి బయటికి పారిపోవాలనిపించింది. అమ్మకేం చెప్పాలో కూడా ఆలోచించేశాను.

మియాపూర్ నుంచి క్లాసుకొచ్చే ఒకాయన, ఉత్తుత్తి డైరెక్టర్లలో ఒకడు, జాలిపడి రెండో అంశం తనే చదివేశాడు. కంపెనీ కోసం ఒక భవనం కిరాయికి తీసుకోవాలి, ఆ భవనం సార్ వేస్తున్న పాత్ర తమ్ముడిది. చదివి అందరూ సార్ మొహం చూశారు. నేనూ చూశాను. సార్ నవ్వుతూ తలూపబోయారు. ఆ తల ఊగితే అయిపోయినట్టే. ఆ తల ఊగడాన్ని ఇన్నేళ్ళుగా గోడవార నుంచి చూస్తున్నదాన్ని, నాకు తెలియదా?

లేచాను. కుక్కర్ ముందు నేర్చుకున్న ఇంగ్లీషు ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. "సార్, మీరు బయటికి వెళ్ళాలి" అన్నాను తెలుగులో. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఆయన "ఏంటి పాపా?" అన్నారు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "ఇది మీ తమ్ముడిగారి భవనం సార్. మేము మాట్లాడుకునేంతసేపు మీరు గదిలో ఉండకూడదు. చట్టం ఒప్పుకోదు."

సార్ నావైపు చూశారు. నవ్వు పోలేదు గానీ, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి. తర్వాత లేచారు. నింపాదిగా కోటు సర్దుకుని బయటికి వెళ్ళారు. నేను వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది. మిగతా మీటింగు ఎలా నడిపానో నాకు సరిగ్గా గుర్తులేదు, పాసయ్యానని మేడం చెప్పడం మాత్రం గుర్తుంది. "కుర్చీ ఇచ్చేసినందుకు మార్కులు కోశానండీ. కానీ కుర్చీ లేకుండా ఆ మాట అన్నారు చూడండి, దానికి పాస్ చేశాను" అన్నారావిడ. నేను బాత్రూమ్‌లోకెళ్ళి తనివితీరా ఏడ్చాను.

సోమవారం సార్ నన్ను తన గదికి పిలిపించారు. అక్కడిదాకా నడిచిన కారిడార్ ఎన్నడూ అంత పొడుగ్గా అనిపించలేదు.

"కూర్చో పాపా. బాగా చేసినావు మొన్న" అన్నారు. "హెచ్‌ఆర్‌కి చెప్పినా, నిన్ను ఖాయం చేయమని. ఈ నెలలోనే అయిపోతుంది."

చేతులెత్తి దండం పెట్టబోయాను, నిజంగా. ఆయన కిటికీ బయటికి చూస్తూ మామూలుగా అన్నారు: "వచ్చే బోర్డు మీటింగులో ఒక కిరాయి అంశం వస్తాంది. పుప్పాలగూడలో మా తమ్ముడి బిల్డింగు ఉంది కదా, రెండు ఫ్లోర్లు తీసుకుందామని. చదువు, ఉద్యోగం అని పాపం నువ్వు చాలా అలసిపోయినావు. ఆ రోజు సెలవు తీసుకో. రాసుకోడానికి వేరే ఎవరినైనా పెట్టుకుంటాంలే."

ఎత్తబోయిన చేతులు దించేసుకున్నాను. "చూడు మరి" అన్నారు. వచ్చేశాను.

ఆట అయిపోయిందనుకున్నాను. ఆట అప్పుడే నిజమైపోయింది. అసలు ఇన్నాళ్ళూ ఇలాంటివెన్ని వచ్చుంటాయో, ఎన్నింటికి "ఏకగ్రీవంగా" అని రాశానో. ఇప్పుడైతే నేను ఆ గదిలో ఉంటే ఏమంటానో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. అదే మా ఇద్దరి మధ్యా వచ్చిపడ్డ గొడవ.

ఈసారి అమ్మ కూడా భయపడింది. "తీస్కోవే సెలవు. దవాఖానకు పోవాల్నని చెప్పు. నా బీపీ మీద పెట్టు. పెద్దోళ్ళ బిల్డింగు పెద్దోళ్ళిష్టం, నడుమల నీకెందుకు పరేషాన్?"

"మొన్న నువ్వే కదమ్మా భయమెందుకన్నావు?"

"మొన్న ఉత్తుత్తిదిగదనే! గిది నీ నౌకరి" అంది అమ్మ. సెలవు దరఖాస్తు ఫోన్‌లోనే రాసిపెట్టుకున్నాను. వేలు దాని మీద పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. పంపితే అయిపోయేది. ఎందుకు పంపలేదంటే గొప్ప కారణం ఏమీ చెప్పలేను. ఆ వెచ్చటి కుర్చీలో ఒక్కసారి కూర్చున్నాక, గోడవార నుంచి ఆ తలూపుడు చూస్తూ రాయడం నావల్ల కాదనిపించింది. ఇంట్లో కూర్చుని ఎవరో రాస్తున్నారని ఊహించుకోవడం అంతకన్నా కాదనిపించింది.

మీటింగు రోజున వెళ్ళాను. నన్ను చూడగానే సార్ కనుబొమలు కొంచెం పైకి లేచాయి, అంతే. గోడవార కుర్చీలో నా స్థానంలో ఇంకో అమ్మాయి కూర్చోబోతుంటే, "నేనున్నాను కదా" అన్నాను. ఆమె బతుకుజీవుడా అన్నట్టు వెళ్ళిపోయింది. కిరాయి అంశం వచ్చేవరకు ఎప్పటిలాగే చదువుతూ, రాస్తూ పోయాను. అంశం చదివాను. చదివి, ఊపిరి తీసుకుని, "ఈ చర్చ అయ్యేవరకు సార్ బయట ఉండాలండి" అన్నాను. ఎవరి మొహమూ చూడలేదు, కాగితంలోకి చూస్తూ అన్నాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. సార్ బయటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో ఇప్పటికీ తెలియదు. బల్ల చుట్టూ తలపండిన పెద్దమనుషులు. సార్ తల ఊగకుండా ఒక అంశం తేల్చడం వాళ్ళకి అలవాటు లేదు. ఒకాయన నీళ్ళు తాగారు. ఇంకొకాయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి ఛైర్మన్‌గారు, సార్‌కి పాత స్నేహితుడు, గొంతు సవరించుకుని నాతో అన్నారు: "అమ్మా, ఒక్కసారి బయటికెళ్ళి, సార్ ఏమంటారో కనుక్కుని రామ్మా."

"కనుక్కోకూడదండి" అన్నాను. "అందుకే కదండీ ఆయన బయట ఉన్నారు."

ఛైర్మన్‌గారు నా వంక, తలుపు వంక, మళ్ళీ నా వంక చూశారు. అప్పుడు కళ్ళజోడాయన నెమ్మదిగా, "ఆ చుట్టుపక్కల వేరే భవనాల కిరాయి ఎంతుందో ఎవరైనా కనుక్కున్నారా?" అని అడిగారు. ఎవరూ కనుక్కోలేదు. కనుక్కున్నాక మళ్ళీ చూద్దామని వాయిదా వేశారు. నా ఉద్యోగంలో మొదటిసారి, వాళ్ళు మాట్లాడిన మాటలు రాసుకున్నాను. తొందరలో అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి.

సార్ లోపలికి వచ్చి నా పక్కనుంచి వెళుతూ, నాకు మాత్రమే వినపడేలా, "సెలవు తీసుకోమన్నా కదా పాపా" అన్నారు. నవ్వుతూనే.

ఆ తర్వాత రోజులు నేనెలా బతికానో నాకే తెలియదు. పొద్దున్నే ఆఫీసు గేటు దగ్గర కార్డు పెట్టాలంటే ఊపిరి బిగపట్టేదాన్ని. ఉద్యోగం పోయినవాళ్ళకి ముందు తెలిసేది అక్కడే, కార్డు పనిచేయదు. ఒక ఉదయం నిజంగానే ఎర్ర దీపం వెలిగింది. వెనక లైనులోవాళ్ళు విసుక్కుంటున్నా కదల్లేకపోయాను. సెక్యూరిటీ అక్క వచ్చి చూసి, "మేడం, గిది మీ అపార్టుమెంటు కార్డు" అంది. ఆఫీసు కార్డు పెడితే గేటు తెరుచుకుంది. లోపలికెళ్ళి అపార్టుమెంటు కార్డు తీసి సంచి అడుగున పడేశాను.

నెలాఖరున హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. బస్సులో నిలబడి తెరిచాను. మేనేజర్‌గా ఖాయం చేశారు. అభినందనలన్నారు. కొత్త బాధ్యతల్లో భాగంగా నేను ఇకపై ఉద్యోగుల శిక్షణ చూసుకోవాలి, బోర్డు సమావేశాలకు హాజరు కానక్కర్లేదు. సంతకం సార్‌ది.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విడవకుండా సోఫాలో కూలబడ్డాను. అమ్మ పరుగున వచ్చింది.

"ఏమైందే? నౌకరి పోయిందా?"

"లేదమ్మా. ఖాయమైంది."

అమ్మ రెండు చేతులూ జోడించి గోడ మీద పటానికి దండం పెట్టుకుంది. తర్వాత నా మొహం చూసి, పక్కన కూర్చుని, కొంగుతో నా కళ్ళు తుడిచింది.

"మరి గీ ఏడుపెందుకే పిచ్చిదానా? భయం పోయిందిగద."

"పోయిందమ్మా" అన్నాను. "ఇంక నన్ను ఆ గదిలోకి రానివ్వరు."